నేలమీద పిల్లిమొగ్గలు వేసే లోటన్ పావురం

మామూలు పావురాన్ని చేతుల్లో పట్టుకుని కాస్త కుదిపి నేలమీద వదిలితే రెక్కలు దులుపుకుని ఎగిరిపోతుంది. లోటన్ పావురం ఎగరదు. దాని మెడ వెనక్కి విరుచుకుంటుంది, తోక నేలకు తగులుతుంది, రెక్కలు టపటపా కొట్టుకుంటాయి, ఒళ్లంతా వెనక్కి తిరగబడి పిల్లిమొగ్గ వేస్తుంది. లేచి నిలబడే లోపే ఇంకొకటి, దాని వెంటే మరొకటి. ఎవరైనా దాన్ని చేతిలోకి తీసుకుని మొహంమీద మెల్లగా ఊదితే గానీ కుదురుకోదు. అలా తీసుకోకపోతే చచ్చేదాకా దొర్లుతూనే ఉంటుందని పాతకాలం నుంచీ చెప్పుకుంటున్నారు. అందులో అతిశయోక్తి ఉండొచ్చు. కానీ ఈ పావురం దొర్లడం మొదలుపెట్టడానికి, చాలాసార్లు ఆపడానికి కూడా మనిషి చెయ్యి కావాలన్నది మాత్రం నిజం.

లోటన్ భారతదేశపు జాతి. ఉత్తరాది భాషల్లో లోటన్ అంటే దొర్లేది. ఎక్కువగా తెల్లగా ఉంటుంది, తలమీద ఈకల తురాయి, ఒళ్లు మరీ పెద్దది కాదు. కాళ్లమీద ఈకలు ఉన్న రకాలూ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి. విసనకర్రలా తోక విప్పే లక్కా పావురం పక్కన దీన్ని నిలబెడితే చూసేవాళ్ల కళ్లన్నీ లక్కా మీదికే పోతాయి. లక్కా అందం గూట్లో కూర్చున్నా కనిపిస్తుంది. లోటన్ ప్రత్యేకత దాని నరాల్లో ఉంది, కుదిపితే తప్ప బయటపడదు.

పెంపకందారులు ఇందులో మళ్లీ రెండు రకాలు చెబుతారు. మొదటిది కుదిపితే దొర్లేది. రెండోది కల్మీ లోటన్. దీన్ని కుదపనక్కర్లేదు, మెడమీద సన్నటి పుల్లతో తాకితే చాలు, దొర్లడం మొదలుపెడుతుంది. రెండూ చేసే పని ఒక్కటే, తేడా అంతా ఎంత రెచ్చగొడితే మొదలవుతుందన్న దగ్గరే. ఈ జాతిని అర్థం చేసుకోవడానికి ఆ తేడాయే కీలకం.

దీని గురించి రాతపూర్వకమైన ఆధారం చాలా పాతది. మొఘలులకు పావురాల పిచ్చి తరతరాలుగా ఉంది. బాబరు తండ్రి ఉమర్ షేక్ మీర్జా 1494లో చనిపోయింది కూడా పావురాల గూటితో సహా లోయలోకి కూలిపోయే. బాబరు మనవడు అక్బర్ ఈ సరదాను ఒక ప్రభుత్వ శాఖ స్థాయికి తీసుకెళ్లాడు. పావురాల ఆటకు ఇష్క్‌బాజీ అని పేరు పెట్టాడు. 1590ల్లో అబుల్ ఫజల్ రాసిన ఐన్-ఇ-అక్బరీలో ఆ కొలువు లెక్కలన్నీ ఉన్నాయి: దర్బారులో 20,000కు పైగా పావురాలు, వాటిలో 500 మేలిరకం ఖాసా పావురాలు. గాలిలో చక్రం తిరగడానికి చర్ఖ్ అని, పల్టీ కొట్టడానికి బాజీ అని వేర్వేరు పేర్లు. ఖాసా పావురం 15 చర్ఖ్‌లు, 70 బాజీలు చేయగలదని కూడా రాశాడు. ఆ జాబితాలోనే లోటన్ కూడా ఉంది. దాన్ని కుదిపి నేలమీద పెడితే వింతగా ఎగిరెగిరి పడుతుందని ఒక్క ముక్కలో చెప్పి వదిలేశాడు. చర్ఖ్‌లకు, బాజీలకు ఇచ్చిన గౌరవం దీనికి ఇవ్వలేదు. దర్బారులో విలువ ఆకాశంలో ఆడే పావురానికే గానీ నేలమీద దొర్లేదానికి కాదని ఆ రాతలోనే తెలిసిపోతుంది. అయినా ఆ ఒక్క ముక్కే తర్వాత రెండున్నర వందల ఏళ్లు దాటాక జీవశాస్త్రంలో పెద్ద సాక్ష్యం అయింది.

ఆ సాక్ష్యాన్ని వాడుకున్నది చార్లెస్ డార్విన్. 1855లో ఆయన ఇంగ్లండులో తన ఇంట్లోనే పావురాలు పెంచడం మొదలుపెట్టాడు. లండన్‌లోని పావురాల క్లబ్బుల్లో చేరి, కులీనుల పక్కన, మామూలు కూలిపని చేసుకునేవాళ్ల పక్కన కూర్చుని ఈకల గురించి, ముక్కుల గురించి మాట్లాడాడు. ఇన్ని వింత రూపాల పావురాలూ కొండరాళ్ల మీద గూళ్లు కట్టుకునే ఒకే ఒక్క అడవి పావురం నుంచి వచ్చాయని నిరూపించాలన్నది ఆయన పట్టుదల. అందుకు ప్రపంచం నలుమూలల నుంచీ నమూనాలు కావాలి. 1856 జనవరిలో మద్రాసులో ఉన్న వాల్టర్ ఇలియట్‌కు ఉత్తరం రాసి, అక్కడి పెంపుడు పావురాల, కోళ్ల చర్మాలు పంపమని అడిగాడు.

ఈ ఇలియట్ తెలుగువాళ్లకు కొత్తవాడేమీ కాదు. 1845లో గుంటూరు ప్రాంతానికి అధికారిగా వచ్చి అమరావతి స్తూపం దగ్గర తవ్వకాలు జరిపించింది ఈయనే. అక్కడి నుంచి మద్రాసుకు, 1859లో లండన్‌కు తరలిపోయి నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న శిల్పాలకు చాలాకాలం ఇలియట్ మార్బుల్స్ అనే పేరుండేది. ఉత్తర సర్కారు జిల్లాల మొక్కలకు తెలుగువాళ్లు వాడే పేర్లన్నీ ఏరి ఫ్లోరా ఆంధ్రికా అనే పుస్తకంగా అచ్చు వేసింది కూడా ఆ 1859లోనే. శిల్పాల తరలింపు మీద ఎవరి అభిప్రాయం ఎలా ఉన్నా, చూసిన ప్రతిదాన్నీ వివరంగా రాసిపెట్టే మనిషి అని మాత్రం ఒప్పుకోవాలి. డార్విన్‌కు కావలసింది సరిగ్గా అలాంటి మనిషే. అదే సంవత్సరం వెలువడిన జాతుల పుట్టుక గ్రంథంలో, పావురాల చర్మాలు పంపినందుకు ఇలియట్‌ను పేరుపెట్టి తలుచుకున్నాడు.

పెంపుడు జీవుల్లో వచ్చే మార్పుల మీద డార్విన్ 1868లో తెచ్చిన పెద్ద గ్రంథంలో లోటన్ వివరాలు ఉన్నాయి. కుదపడం, దొర్లడం, మొహంమీద ఊది శాంతపరచడం, కల్మీ రకాన్ని పుల్లతో తాకడం అన్నీ మద్రాసు నుంచి అందిన సమాచారంతో రాశాడు. ఇందులో ఒక చిన్న పేచీ కూడా నమోదు చేశాడు. లండన్‌లో ఒక జతను పెంచిన వ్యక్తి అవి గాలిలో కూడా పల్టీ కొట్టడం చూశానన్నాడు. ఇలియట్‌కు మద్రాసులో తెలిసిన మాట వేరు: లోటన్ నేలమీదే, మహా అయితే నేలకు జానెడు మూరెడు ఎత్తులోనే దొర్లుతుంది. రెండు మాటలనూ డార్విన్ పక్కపక్కనే పెట్టి, ఏదో ఒకటి కొట్టిపారేయకుండా వదిలేశాడు.

ఆయనను అన్నిటికంటే ఆకట్టుకున్నది అక్బరు కాలపు ఆధారం. 1600కు ముందే ఈ అలవాటు రాతలోకి ఎక్కింది, 1850ల్లో మద్రాసు పావురాల్లో అచ్చం అలాగే ఉంది. పావురం ఏడాది తిరగకుండానే గుడ్లు పెడుతుంది. రెండున్నర వందల ఏళ్లంటే పావురాల్లో వందల తరాలు. ఇన్ని తరాల పాటు చెక్కుచెదరకుండా వచ్చిన ప్రవర్తన నేర్చుకున్నది కాజాలదు, ఒంట్లోనే పుట్టుకతో ఉండాలి. ఎవరూ పల్టీ నేర్పలేదు, నేర్పాలని ఎవరికీ తోచి కూడా ఉండదు, పల్టీ కొట్టే పావురాన్ని ఎన్నడూ చూడని పిల్ల పావురం కూడా పల్టీ కొడుతుంది అని జాతుల పుట్టుకలోనే డార్విన్ వాదించాడు. ఎప్పుడో ఒక పావురంలో ఈ వింత అలవాటు కొంచెంగా కనబడి ఉంటుంది. దాన్ని చూసి ముచ్చటపడ్డ మనిషి దాన్నీ దాని పిల్లలనూ ఏరి పెంచి ఉంటాడు. అలా ఏరుతూ పోగా పోగా జాతి తయారైంది. ప్రవర్తన కూడా ఈక రంగులాగే వారసత్వంగా వస్తుందని, ఎంపికతో ముదురుతుందని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అప్పట్లో దొరకడం కష్టం.

డార్విన్ వాదన అంతా అలవాటు చుట్టూ తిరిగింది. ఇది అలవాటేనా, లేక రోగమా? ఈ ప్రశ్నకు సూదితో జవాబు వెతికినవాడు భారతదేశంలోనే పనిచేసిన వైద్యుడు డబ్ల్యూ. జె. మూర్. 1873లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో నేలమీద దొర్లే పావురాల గురించి ఆయన వివరంగా రాశాడు. మామూలు పావురం మెదడు అడుగుభాగాన్ని సూదితో పొడిచినా, హైడ్రోసయానిక్ ఆమ్లాన్ని స్ట్రిక్నైన్‌తో కలిపి ఇచ్చినా అచ్చం ఈ దొర్లుడు లాంటి కుదుపులే వచ్చాయట. పొడిచిన పావురాల్లో ఒకటి పూర్తిగా కోలుకుని, ఆ తర్వాత కూడా అప్పుడప్పుడూ పిల్లిమొగ్గ వేసేదట. డార్విన్ తన గ్రంథం రెండో కూర్పులో ఈ సంగతి చేర్చాడు. ఈ రోజుల్లో ఇలాంటి ప్రయోగానికి ఎవరూ అనుమతి ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. కానీ అది చెప్పిన విషయం తోసిపుచ్చేది కాదు: ఈ కదలిక ప్రతి పావురం మెదడులోనూ దాగి ఉంది, మామూలు పావురంలో దాన్ని ఏదో అదిమి పెడుతోంది, లోటన్‌లో ఆ అదుపు వదులుగా ఉంది.

తల అటూ ఇటూ కుదిపితే లోపలి చెవిలో ఒంటి నిలకడను చూసుకునే అర్ధచంద్రాకారపు నాళాలు కలవరపడతాయి. అందుకే మొదట్లో అనుమానం చెవి మీదికి పోవడం సహజం. కానీ చెవి ఒక్కటే కారణం అనుకోవడానికి లేదు. గాలిలో పల్టీ కొట్టే గిరెబాజ్ రకాలను ఎవరూ కుదపరు, వాటంతట అవే ఎగురుతూ వెనక్కి తిరుగుతాయి. కల్మీని కుదపరు, తాకుతారంతే. కాబట్టి కుదపడం మీట నొక్కడం లాంటిదే, యంత్రం లోపలెక్కడో మెదడులో ఉంది. లోటన్‌కు దూరపు చుట్టాలనిపించే, నేలమీదే దొర్లే పార్లర్ రోలర్ పావురాల మీద 1980ల్లో జరిగిన పరిశోధన, మెదడులో సంకేతాలు మోసే సెరటోనిన్ అనే రసాయనానికి ఇందులో పాత్ర ఉందని చూపింది.

చుట్టాల సంగతి వచ్చింది కాబట్టి వాటి వరస చూడాలి. మోతాదు మారితే ఒకే లక్షణం ఎక్కడిదాకా పోతుందో ఇక్కడ తెలుస్తుంది. ఎగురుతూ ఒకటి రెండు పల్టీలు కొట్టి మళ్లీ సర్దుకునే పావురాలు ఒక కొస. ఇంగ్లండులో తయారైన బర్మింగ్‌హామ్ రోలర్ ఇంకో మెట్టు పైన ఉంటుంది, ఎత్తున ఎగురుతూ ఒక్కసారిగా బంతిలా చుట్టుకుని కిందికి వరసగా పల్టీలు కొడుతూ దిగి, చివరి క్షణంలో రెక్కలు విప్పి గుంపులో కలుస్తుంది. ఆ చివరి క్షణం తప్పితే నేలకు గుద్దుకుని చస్తుంది. గ్లాస్గో దగ్గర ఇళ్లలో పెంచే పల్టీ పావురాలు 18 అంగుళాల ఎత్తుకు ఎగిరేలోపే తలకిందులవుతాయని డార్విన్‌కు ఒక పెంపకందారు చెప్పాడు. చివరి కొసన పార్లర్ రోలర్ ఉంది. అది అసలు ఎగరలేదు. ఎగరాలని రెక్క విప్పగానే నేలమీద వెనక్కి దొర్లుకుంటూ పోతుంది. అమెరికాలో వీటికి పచ్చిక మీద పోటీలు పెట్టి, ఎంత దూరం దొర్లిందో టేపుతో కొలుస్తారు. కొన్ని వందల అడుగులు పోయేవి ఉన్నాయి.

ఈ వరసలో లోటన్‌ది విచిత్రమైన చోటు. దొర్లడం మొదలయ్యాక దాని తీవ్రత పార్లర్ రోలర్‌కు ఏమాత్రం తీసిపోదు. కానీ కుదపనంత కాలం మామూలు పావురంలాగే బతుకుతుంది. మేత మేస్తుంది, జత కడుతుంది, రెండు గుడ్లు పెట్టి ఆడా మగా వంతులవారీగా పొదుగుతాయి, గొంతులో ఊరే పాలతో పిల్లలను పెంచుకుంటాయి. ఇంత పెద్ద లోపం ఉండి కూడా ఈ జాతి నాలుగు వందల ఏళ్లకు పైగా నిలబడడానికి కారణం ఇదే కావచ్చు. లోపం మీట నొక్కేదాకా బయటపడదు, మీట మనిషి చేతిలో ఉంది. పొట్టి ముక్కు టంబ్లర్లతో, అంటే పల్టీ పావురాల్లోనే ఒక రకంతో పోలిస్తే తేడా తెలుస్తుంది. వాటి ముక్కు మరీ చిన్నదై, చాలా పిల్లలు పెంకు పగలగొట్టుకోలేక గుడ్డులోనే చనిపోతాయని, పెంపకందారులే పెంకు పగలగొట్టి బయటికి తీస్తారని డార్విన్ రాశాడు. అక్కడ మనిషి సాయం పుట్టుకకే కావాలి. లోటన్‌కు మనిషి పెట్టే ఇబ్బంది లేకపోతే సాయం కూడా అక్కర్లేదు.

పల్టీ కొడితే డేగ నుంచి తప్పించుకోవచ్చని, అందుకే ఈ లక్షణం పుట్టిందని కొందరు చెబుతుంటారు. వినడానికి బాగుంది గానీ నిలవదు. గుంపులో తేడాగా కదిలే పక్షి మీదే వేటపక్షి కన్ను పడుతుంది. రోలర్ పావురాల యజమానులకు డేగలంటే ఎంత మంటో 2007లో అమెరికాలో బయటపడింది. తమ పావురాలను ఎత్తుకుపోతున్నాయని డేగలను చంపుతున్న రోలర్ క్లబ్బుల సభ్యుల మీద అక్కడి వన్యప్రాణి శాఖ ఆపరేషన్ హై రోలర్ పేరుతో దర్యాప్తు చేసి, పడమటి రాష్ట్రాల్లో కేసులు పెట్టింది. పల్టీ రక్షణ ఇచ్చేదైతే యజమానులకు ఆ కక్ష ఉండేది కాదు. అడవిలో ఈ లక్షణం పుట్టినా ఎక్కువకాలం నిలిచేది కాదు.

దీని జన్యువుల సంగతి పార్లర్ రోలర్లలోనే ఎక్కువగా తెలిసింది. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో చాలా ఏళ్లుగా పావురాల జన్యువుల మీద పని జరుగుతోంది. అక్కడ పార్లర్ రోలర్లను పందెపు హోమర్ పావురాలతో జత కట్టించి చూశారు. మొదటి తరంలో పుట్టిన పిల్లల్లో ఒక్కటీ దొర్లలేదు. ఆ పిల్లలను తమలో తాము జత కట్టిస్తే రెండో తరంలో కొన్ని దొర్లాయి. అంటే ఈ లక్షణం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తే తప్ప పైకి కనబడని రకం. అయితే దొర్లేవన్నీ ఒకే తీవ్రతతో దొర్లలేదు. ఒక్క జన్యువు మారితే సరిపోయే వ్యవహారం కాదు, డీఎన్ఏలో చాలా చోట్ల మార్పులు కలిస్తేనే పూర్తి దొర్లుడు వస్తుంది. తురాయి విషయం ఇంతకంటే తేలిక: పావురాల తలమీద ఈకలు పైకి తిరిగి తురాయి కావడానికి ఈఫ్‌బీ2 అనే ఒక్క జన్యువులోని మార్పు చాలని ఇదే విశ్వవిద్యాలయం బృందం 2013లో తేల్చింది. రూపం ఒక్క మార్పుతో వచ్చేయవచ్చు, ప్రవర్తన కుదరడానికి చాలా కలిసిరావాలి. మధ్యలో ఒక్కసారి వేరే రకం కలిస్తే ఆ కూర్పు చెదిరిపోతుంది. అక్బరు కాలం నుంచి ఇప్పటిదాకా దీన్ని కాపాడినవాళ్లు చదువుకున్న శాస్త్రవేత్తలు కారు, పేర్లు ఎక్కడా నమోదు కాని పావురాల పెంపకందారులు. ఏ జతకు ఏ పిల్లలు పుట్టాయో గుర్తుపెట్టుకోవడం తప్ప వాళ్ల దగ్గర వేరే పరికరం లేదు.

ఇక్కడ పావురాలు పెంచేవాళ్లకు పనికొచ్చే ఒక జాగ్రత్త చెప్పాలి. మెడ తిప్పే ప్రతి పావురం లోటన్ కాదు. కోళ్లలో కొక్కెర తెగులు తెచ్చే వైరస్‌కు దగ్గరి బంధువైన పారామిక్సో వైరస్ పావురాలకు సోకితే మెడ మెలితిరిగిపోతుంది, గింజను గురిచూసి పొడవలేదు, భయపెడితే గింగిరాలు తిరుగుతుంది, రెట్ట నీళ్లలా పడుతుంది. బి1 విటమిన్ కొరత వచ్చినా తల వెనక్కి వాలిపోయి ఆకాశంలోకి చూస్తున్నట్టు నిలబడుతుంది. పైకి రెండూ దొర్లే పావురం పోకడే. గుర్తుపట్టే మార్గం ఉంది: లోటన్ కుదిపినప్పుడే, కల్మీ అయితే తాకినప్పుడే దొర్లుతుంది, శాంతపడ్డాక మేత సరిగ్గా పొడుచుకుని తింటుంది. దానంతట అదే మెడ తిప్పుతున్నా, తినలేకపోతున్నా వెంటనే మిగతా పావురాల నుంచి విడదీసి పశువుల డాక్టరుకు చూపించాలి. వైరస్ అయితే గూడంతా పాకుతుంది.

ఇక చూసేవాళ్లకు వేడుక, పావురానికి ఏమిటి అన్న ప్రశ్న. దొర్లుతున్నప్పుడు దానికి నొప్పి తెలుస్తుందో లేదో దాన్ని అడిగి తెలుసుకోలేం. కానీ రెక్కల కొసలు, తోక ఈకలు నేలకు కొట్టుకుని విరగడం, అలసటతో వగర్చడం కళ్లకు కనబడేవే. జర్మనీ జంతు సంరక్షణ చట్టంలోని 11బి సెక్షన్ జంతువుకు బాధ కలిగించే లక్షణాలను కావాలని పెంచే పునరుత్పత్తిని నిషేధిస్తుంది. ఆ సెక్షన్‌ను ఎలా అన్వయించాలో చెప్పడానికి 1999లో నిపుణులు ఇచ్చిన నివేదికలో నేలమీద దొర్లే పావురాల ప్రస్తావన కూడా ఉంది. మన దేశంలో 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం జంతువును అనవసరమైన బాధకు గురిచేయడం నేరం. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు, అంటే ఈ రోజున ఒక టీ, సమోసా ఖర్చు. ఆ సెక్షన్‌లో జాతులను పెంచడం గురించి ఒక్క మాటా లేదు. కాబట్టి లోటన్‌ను ఉంచుకోవడం నేరం కాదు, ఫోన్‌లో వీడియో తీయడానికి పదేపదే కుదిపి దొర్లించడం ఆ సెక్షన్ కిందికి రావొచ్చు.

నిజానికి జాతిని నిలబెట్టుకోవాలనుకునేవాడికి పదేపదే కుదపాల్సిన అవసరమే లేదు. పిల్లలు రెక్కలొచ్చి ఎదిగాక ఒకసారి పరీక్షించి చూస్తే ఏ జత నుంచి నిఖార్సయిన లోటన్లు వస్తున్నాయో తెలిసిపోతుంది. ఆ తర్వాత వాటిని జతకట్టించి, మేతా నీళ్లూ చూసుకుంటే చాలు. చార్మినార్ దగ్గరి ముర్గీ చౌక్ లాంటి పక్షుల బజార్లలో పావురం కొనేటప్పుడు మాత్రం ఈ లెక్క తారుమారవుతుంది. తెల్లటి ఒళ్లు, తురాయి, కాళ్లకు ఈకలు చాలా జాతుల్లో ఉంటాయి. లోటన్ అని నమ్మించడానికి అమ్మేవాడు కొనేవాడి ముందు దాన్ని కుదిపి చూపించాల్సిందే. ఇద్దరు ముగ్గురు బేరగాళ్లు వస్తే అదే పావురం ఒకే పూటలో ఇద్దరు ముగ్గురి ముందు దొర్లాల్సి వస్తుంది. కొనాలనుకునేవాళ్లు దాన్ని కాక దాని తల్లినీ తండ్రినీ చూపించమని అడిగితే, పెంచినవాడి దగ్గరికే వెళ్లి తీసుకుంటే ఆ బెడద చాలావరకు తగ్గుతుంది.